ఏడు కిలోల యూరప్

"పదకొండు పేర్లు," అంది హైమావతి, ఫైలు ముందుకు తోస్తూ. "యూరప్‌లో మన ఏజెంట్లు. ఈ లిస్టు ఒక మెమరీ కార్డులో వైపర్ ముఠా చేతికి చిక్కింది. శుక్రవారం మధ్యాహ్నం కార్డు ఒట్టావా నుంచి ప్రాగ్ వెళ్తోంది."

కిరీటి లిస్టు చూశాడు. ఏడో పేరు నిఖిల. అతని సొంత చెల్లెలు.

"తీసుకెళ్ళేదెవరు మేడమ్?"

"ఒక బ్యాక్‌ప్యాకింగ్ గ్రూపులో ఎవరో. పద్నాలుగు రోజులు, తొమ్మిది నగరాలు, రోజుకు ముప్ఫై యూరోలు. నువ్వు అందులో చేరుతున్నావు. పేరు ప్రణీత్, మార్కమ్‌లో ఐటీ కాంట్రాక్టర్. పన్నెండు మంది పడుకునే గదిలో పై బంకు నీది."

కిరీటి మొహం ఆముదం తాగినట్టయింది. ఖరీదైన సూట్లలో శత్రువుల విందులకు వెళ్ళొచ్చిన మనిషి. వీపున మూట కట్టుకుని, రొట్టెముక్క కొరుక్కుంటూ యూరప్ చూశామనుకునే జాతి అంటే అతనికి చీదర.

"గ్రూపు లీడర్ తేజశ్రీ, ట్రావెల్ వ్లాగర్," అంది హైమావతి. "మన ఇన్ఫార్మర్ కూడా. అటూ ఇటూ రెండువైపులా పనిచేస్తోందని నా అనుమానం. సాక్ష్యం కావాలి."

శుక్రవారం ఉదయం ఒట్టావా శివారు కనాటాలో, కోదండరామ్ ఇంటి బేస్‌మెంట్‌లో గ్రూపంతా చేరింది. కోదండరామ్ టెలికాం ఇంజనీరు. ఇంటి ముందు రెండు కార్లు, చేతిలో బ్యాగులు తూచే కొక్కెం తక్కెడ. ఒంటిమీద అప్పటికే మూడు చొక్కాలు.

"క్యాబిన్ బ్యాగ్ ఏడు కిలోలు! అక్కడి చీప్ ఫ్లైట్లలో గ్రాము పెరిగినా వాయించేస్తారు," అని ప్రకటించి, కిరీటి బ్యాగ్ ఎత్తాడు. "ఎనిమిదిన్నరా? ఏం మోస్తున్నావు బాబూ?"

అడక్కుండానే జిప్పు లాగాడు. మత్తుసూది పేల్చే పెన్ను, చీకట్లో చూసే కళ్ళజోడు, ఉక్కుతీగ దాచిన బెల్టు. డిపార్ట్‌మెంట్ మూడేళ్ళు కష్టపడి తయారుచేసిన సరంజామా అంతా చెప్పుల స్టాండు మీదికి చేరింది.

"ఇంత బరువు పెన్నెందుకయ్యా? హాస్టల్ కౌంటర్‌లో ఉంటుందిగా!"

మారువేషంలో ఉన్నవాడు ఏమంటాడు? పళ్ళు నూరుకున్నాడు. ఇలాంటి పిసినారుల మధ్యనా నా చెల్లెలి ప్రాణం ఇరుక్కుంది అనుకున్నాడు.

అప్పుడు దిగింది తేజశ్రీ. ఎర్ర కోటు, ఎత్తు మడమలు, గది నిండా సెంటు. కిరీటి పక్కనుంచి వెళ్తూ కోడ్ వాక్యం గొణిగింది. "ప్రాగ్‌లో వానలట."

"గొడుగు తెచ్చుకోలేదు," అన్నాడు కిరీటి.

"కార్డు ఇంకా ఎవరి చేతికీ రాలేదు. రాగానే చెప్తా," అని కన్ను గీటి, సంచిలోంచి మేపుల్ కుకీల రేకుడబ్బా తీసి కోదండరామ్‌కి ఇచ్చింది. "అంకుల్, మా ఫ్రెండ్ ప్రాగ్ స్టేషన్‌కి వస్తాడు. ఇది కాస్త ఇస్తారా? నా బ్యాగ్ ఫుల్."

"అయ్యో, దానిదేముందమ్మా!"

ఊరెళ్ళే తెలుగువాడి చేతిలో పొట్లం పెడితే కాదనడు. ముఠా ఆ పాఠం బాగానే చదువుకుంది. కార్డు ఆ డబ్బాలోనే ఉండాలని కిరీటి బాత్రూంలోకి వెళ్ళి హైమావతికి మెసేజ్ కొట్టాడు. జవాబు వెంటనే వచ్చింది: ముట్టుకోకు. చెక్-ఇన్ దగ్గర సాక్షులతో పట్టుకుందాం.

మధ్యాహ్నం ఎయిర్‌పోర్టు. కోదండరామ్ బ్యాగ్ కౌంటర్ మీద పెట్టాడు. ఆరు కిలోల తొమ్మిదివందల గ్రాములు. గెలిచినవాడిలా వెనక్కి తిరిగాడు.

"తేజశ్రీ, మీ కుకీలు జిప్‌లాక్ కవర్లో వేశానమ్మా. ఆ రేకుడబ్బా ఒక్కటే నాలుగువందల గ్రాములు! ఇంట్లోనే రీసైక్లింగ్‌లో పడేశా. ఇవాళ మా వీధికి ట్రక్ వచ్చే రోజు."

తేజశ్రీ మొహంలో రంగు పోయింది. మరుక్షణం ఎర్ర కోటు తలుపు దాటి టాక్సీలో ఉంది. కిరీటి మరో టాక్సీ ఎక్కి హైమావతికి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఎయిర్‌పోర్టుకి వద్దు, కనాటాకి రండి! కార్డు చెత్తడబ్బాలో ఉంది!"

దారి పొడవునా నిఖిలే కళ్ళముందు మెదిలింది. ఆ కార్డు మళ్ళీ తేజశ్రీ చేతిలో పడితే చాలు, లిస్టు సముద్రం దాటిపోతుంది.

కిరీటి టాక్సీ దిగేసరికి ట్రక్ ఇంటి ముందే ఉంది. పనివాడు నీలం డబ్బా ఎత్తబోతున్నాడు. అందులోంచి తేజశ్రీ రేకుడబ్బా లాగేసుకుని మూత ఊడదీసింది. బోడి రేకు. అడుగున ఏమీ లేదు.

"ఇందులో కాగితం ఉండాలి! అడుగున పరిచిన కాగితం!" అని అరిచింది.

తలుపు తెరిచి ఉన్న గరాజ్‌లో, ఇంట్లోకి వెళ్ళే గుమ్మం దగ్గర రిమోట్ పట్టుకుని నిలబడ్డ శాంతమ్మ, కోదండరామ్ భార్య, ఈ గోలంతా వింతగా చూస్తోంది.

"కాగితమా? రేకు నీలం డబ్బాలో, కాగితం నల్ల డబ్బాలో వెయ్యాలి కదమ్మా! మీ అంకుల్ వేరుచేయకుండా పడేస్తారా? నల్ల డబ్బా వచ్చే వారం. అదుగో, ఈ మూలన ఉంది."

ఇద్దరూ ఒక్కసారే పరుగెత్తారు. తేజశ్రీ రెండడుగులు ముందుంది. వాకిట్లో పేరుకున్న మంచు మీద ఎత్తు మడమ జర్రున జారింది. కిరీటి ఆమెను దాటి లోపలికి దూకాడు.

"చలి లోపలికొస్తోంది, హీటింగ్ బిల్లు ఎవడు కడతాడు!" అంటూ శాంతమ్మ రిమోట్ నొక్కింది. తేజశ్రీ లేచి వచ్చేలోపు గరాజ్ తలుపు నేలను తాకింది. బయట హైమావతి కారు బ్రేకుల చప్పుడు వినబడింది.

నల్ల డబ్బాలో, పాత ఫ్లయర్ల మధ్య, గుండ్రటి కాగితం. దాని వెనక టేపుతో అంటించి గోరంత కార్డు. కిరీటి కార్డు జేబులో భద్రంగా పెట్టుకుని తలుపుకు ఆనుకున్నాడు. నిఖిల బతికింది. కళ్ళు చెమ్మగిల్లాయి, సిగ్గుపడలేదు.

ఫోన్ మోగింది. కోదండరామ్.

"ప్రణీత్ బాబూ, ఎక్కడున్నావు? గేట్ మూసేస్తున్నారు. టికెట్ నాన్ రిఫండబుల్! సరేగానీ, హాస్టల్లో నీ పై బంకు డబ్బులు కూడా వెనక్కి రావు. దాని మీద నా తడి సాక్సులు ఆరేసుకోవచ్చా?"

కిరీటి నిటారుగా నిలబడి, సర్వీసులో ఏ పై అధికారికీ కొట్టనంత గట్టిగా సెల్యూట్ కొట్టాడు.

"ఆరేసుకోండి సర్. మూడు చొక్కాలు కూడా."