ఎదురు రోజు

నాలుగో నిమిషం ముగిసేసరికి తూకం తన పని పూర్తి చేసింది. బందరు ఇండోర్ స్టేడియంలో గోడంత తెర మీద రెండు పేర్లు మిగిలాయి.

"పది లక్షల మ్యాచ్‌లు ఆడించాం," అంది డాక్టర్ పాలడుగు నీరజ, ఆ యంత్రాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త. "నెల్లూరు అమ్మాయి లోహిత వస్తే మీ జట్టు వందలో డెబ్బై ఒక్క మ్యాచ్‌లు గెలుస్తుంది. చీరాల అమ్మాయి ప్రశాంతి వస్తే ముప్పై ఎనిమిది. ఇక మీకు చర్చలక్కర్లేదు."

ఆ చివరి మాట ఆవిడ అనకుండా ఉండాల్సింది. గ్యాలరీలో కూర్చున్న రెండువందల ఇరవై ముగ్గురూ ఒక్కసారి లేచారు.

ఇది ఇంకో ముప్పై ఏళ్ల తర్వాతి బందరు. అప్పటికి సముద్రం కొంత ముందుకొచ్చింది, దానికి అడ్డంగా గోడ లేచింది, గోడ వెనక చదునుచేసిన కాంక్రీటు నేల మీద బెస్త పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడటం మొదలుపెట్టారు. అలా పుట్టిన జట్టే బందరు కెరటాలు. కోస్తా మహిళల లీగ్‌లో జట్లకు యజమానులుండరు, అభిమాన సంఘాలే ఉంటాయి. ఏ సీజన్‌కు ఎవర్ని తెచ్చుకోవాలో ఆ సంఘాలే ఓటు వేసి తేలుస్తాయి. బందరు సంఘంలో సభ్యులు రెండువందల ఇరవై ముగ్గురు. అందరికీ నోరుంది, ఎవరికీ ఓపిక లేదు.

తూకం గురించి కూడా చెప్పాలి. లీగ్‌లో ప్రతి క్రీడాకారిణీ ఒక పల్చటి సెన్సర్ బనీను వేసుకుని ఆడుతుంది. అడుగు ఎటు పడింది, మెడ ఎటు తిరిగింది, ఊపిరి ఎక్కడ బిగబట్టింది, బంతి చేతిలో ఎంతసేపుంది, అన్నీ అది రాసుకుంటుంది. అలా రాసుకున్న దాన్నుంచి కంప్యూటర్‌లో ఆ మనిషికి ఒక నకలు తయారవుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని డిజిటల్ ట్విన్ అన్నారు, బందరు వాళ్లు నీడ అన్నారు. ఐదు నీడల్ని ఒక జట్టుగా కలిపి లక్షల మ్యాచ్‌లు ఆడించి, ఏ పాయింట్ గార్డ్ వస్తే జట్టు ఎక్కువ గెలుస్తుందో చెప్పడమే తూకం పని. పాయింట్ గార్డ్ అంటే బంతిని ముందుకు తెచ్చి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తేల్చే మనిషి. జట్టుకు బుర్ర అన్నమాట.

బందరు కెరటాలు వరసగా రెండేళ్లు అట్టడుగున నిలిచాయి. అలాంటి జట్టుకు పాయింట్ గార్డ్‌ను తూకమే ఎంచాలని లీగ్ నియమం. అంతకన్నా ఘోరమైన నియమం ఇంకొకటుంది. ఒకసారి తూకం చేతికి వెళ్లిన హక్కు మళ్లీ సంఘానికి తిరిగిరాదు.

"ఓ డాక్టరమ్మా," అంది కొక్కిలిగడ్డ బేబీసరోజ. యాభై ఎనిమిదేళ్ల మనిషి, సంఘానికి పెద్ద, గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీ నడుపుతుంది, ఆ యంత్రాల రొదలో బతికినందువల్ల మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. "నీ మిషను ఆ పిల్లల్ని తూచింది, బాగానే ఉంది. మరి మమ్మల్ని తూచిందా?"

"మీరు ఆడరు కదండీ."

"మేం అరవకపోతే ఈ జట్టు ఆడిందెప్పుడు?"

లీగ్ తరఫున వచ్చిన పరిశీలకుడు కానుకొల్లు విహారి నవ్వాపుకుంటూ ఫైలు తిరగేశాడు. నీరజ మాత్రం నవ్వలేదు. ఆవిడ నిజాయితీ గల శాస్త్రవేత్త, అదే ఆవిడతో వచ్చిన చిక్కు. యంత్రం లెక్కలోకి తీసుకోని అంశం ఉందని అభిమానులు చూపిస్తే, దాన్ని కూడా కలిపి మరోసారి తూయాలని నియమావళిలో రాయించింది ఆవిడే. గడువులోగా జవాబు రాకపోతే సంఘం ఓటే చెల్లుతుందని కూడా అందులో ఉంది.

"ఆవిడ అడిగింది న్యాయమే," అంది నీరజ. "ప్రేక్షకుల ప్రభావం నేను లెక్కలోకి తీసుకోలేదు. మీ చర్చలు ఎన్ని రోజులు జరుగుతాయి?"

"పన్నెండు," అన్నాయి చాలా గొంతులు.

"పదకొండు రోజులు మీరందరూ బనీన్లు వేసుకుని కూర్చోండి. పన్నెండో రోజు మీ నీడల్ని గ్యాలరీలో కూర్చోబెట్టి తూస్తాను. సాయంత్రం ఆరు గంటలకు గడువు."

ఐసు ఫ్యాక్టరీ ఆవరణలో చర్చ మొదలైంది. గొంతు దగ్గర పట్టీ ఉన్న బనీన్లు వేసుకుని జనం వాదించుకున్నారు. ఎవరేమన్నారో, ఆ మాటకు ఎవరి గుండె ఎంత వేగంగా కొట్టుకుందో అన్నీ రికార్డయ్యాయి.

ప్రశాంతి పక్షానికి సరోజ పెద్ద. లోహిత పక్షానికి షేక్ మస్తాన్‌వలీ పెద్ద. రోల్డుగోల్డు గొలుసులు చేసే పనివాడు, అరవై దాటినా చిన్న లింకులో లోపం పట్టుకునే కళ్లున్నవాడు. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఏ విషయంలోనూ ఒప్పుకోలేదు.

"మోకాలికి ఆపరేషనైన మనిషిని తెస్తావా, సరోజమ్మా? పైగా ముప్పై రెండేళ్లు. మనకి రేపు కావాలి, నిన్న కాదు."

"నీకూ మోకాళ్ల నొప్పులేగా మస్తానన్నా, నిన్ను ఎవరైనా సంఘంలోంచి గెంటారా? ప్రశాంతి ఇచ్చిన పాసు అందుకునే పిల్లకి కూడా ముందు తెలీదు, చేతిలో పడ్డాక తెలుస్తుంది. మీ లోహితకి బంతి దొరికితే చాలు, బుట్టలోకి విసరడమే."

"విసిరితే పడుతోంది కదమ్మా!"

సరోజ ఇంతగా పట్టుబట్టడానికి ఇంకో కారణముంది, అది అందరికీ తెలుసు. ఈ సీజన్‌లో ఏ జట్టూ తీసుకోకపోతే ప్రశాంతి ఆట మానేయాల్సిందే. పూర్వం బందరుకు ఆడిన నాలుగేళ్లూ ఆ అమ్మాయి సరోజ ఇంట్లోనే అన్నం తింది. 'నిన్ను మళ్లీ తెస్తానే' అని సరోజ ఫోన్లో మాటిచ్చేసింది. ఇవ్వకూడని మాటే. కానీ ఇచ్చింది.

పదకొండు రోజులూ అలా గడిచాయి. పన్నెండో రోజును బందరులో ఎదురు రోజు అంటారు. సంఘం పెట్టిన తొలినాళ్లలోనే చేసుకున్న కట్టుబాటు అది. ఆ రోజు ఎవరి పక్షం వాళ్లు వదిలేసి, అవతలి పక్షం పిల్ల తరఫున మాట్లాడాలి. మొక్కుబడిగా మాట్లాడితే కుదరదు. ఎదుటివాళ్ల పిల్లను మనసారా మెచ్చుకోలేనివాళ్లకు ఓటు లేదు. ఆ తర్వాతే ఓటింగు.

ఎదురు రోజు పొద్దున నీరజ బనీన్లన్నీ వెనక్కి తీసుకుంది. పదకొండు రోజుల సమాచారంతో రెండువందల ఇరవై మూడు నీడలు తయారయ్యాయి. వాటిని తూకంలోని గ్యాలరీలో కూర్చోబెట్టి మీట నొక్కింది.

నాలుగు నిమిషాలు గడిచాయి. నలభై గడిచాయి. మధ్యాహ్నమైంది. తూకం ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టలేదు.

"చెడిపోయిందా?" అన్నాడు విహారి.

నీరజ ఏదో నొక్కి, లోపల జరుగుతున్నది ఆవరణలో పెట్టిన తెర మీదకు తెచ్చింది. కోర్టులో ఆటగత్తెల నీడలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాయి. గ్యాలరీలోని అభిమానుల నీడలు కోర్టులోకి దిగి అరుచుకుంటున్నాయి. సరోజ నీడ బంతిని చంకలో పెట్టుకుని, ముందు పాయింట్ గార్డ్ సంగతి తేలనివ్వండి, తర్వాతే ఆట అంటోంది. మస్తాన్ నీడ దాని మీద వేలు ఆడిస్తోంది.

ఐసు ఫ్యాక్టరీ ఆవరణ ఘొల్లుమంది. నవ్వి నవ్వి మస్తాన్‌వలీకి పొలమారింది. సరోజ వెళ్లి అతని వీపు మీద చరిచింది.

"పదకొండు రోజులు మిమ్మల్ని వాదిస్తుండగా మాత్రమే చూశానండీ," అంది నీరజ తల పట్టుకుని. "తూకానికి మీ గురించి తెలిసింది అదొక్కటే."

"మా గురించి తెలుసుకోవాల్సింది కూడా అదొక్కటేలే," అంది సరోజ.

లోపల నీడలు వాదించుకుంటూనే ఉన్నాయి. బయట ఎదురు రోజు సభ మొదలైంది. మస్తాన్‌వలీ లేచి ప్రశాంతి తరఫున మాట్లాడాడు. మంచి లింకు వేసిన గొలుసులో అతుకు ఎక్కడుందో కనపడదని, ప్రశాంతి ఆడితే ఐదుగురి మధ్యా అతుకు కనపడదని అన్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

తర్వాత సరోజ లేచింది. ఆవిడకు ఇష్టం లేదని అందరికీ తెలుసు. చెడగొట్టి మాట్లాడదామని ఆవిడకూ ఒక్క క్షణం అనిపించింది. కానీ సగం మాట్లాడి కూర్చుంటే, తన పిల్ల గెలిచినా ఆ ఓటు దొంగ ఓటే అవుతుంది. ఆవిడ గొంతు సవరించుకుంది.

"పోయినేడు నెల్లూరులో మనం వాళ్ల మీద ఆడాం. చివర్లో వాళ్ల పిల్లొకతి చేతిలోకొచ్చిన బంతి జారవిడిచింది. జనం తిట్టిపోశారు. లోహిత మళ్లీ బంతి తెచ్చింది. తనే విసరొచ్చు, ఎదురుగా ఎవరూ లేరు. విసర్లేదు. ఆ జారవిడిచిన పిల్లకే ఇచ్చింది. ఆ పిల్ల బుట్టలో వేసింది, మనం ఓడాం. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే, అలాంటి పని ప్రశాంతి ఒక్కతే చేస్తుందని నేననుకున్నా. ఇరవై ఒక్కేళ్లకే ఈ పిల్లకి ఆ బుద్ధి ఎలా వచ్చిందో నాకు తెలీదు. నేర్పితే వచ్చేది కాదది. అంతే, ఇంకేం చెప్పను."

చప్పట్లు పడలేదు. ఎవరికి వాళ్లు ఆలోచనలో పడ్డారు. సరోజ కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. తానేం చేసిందో ఆవిడకు అప్పుడే అర్థమైంది.

ఆరు గంటలకు తూకం ఇంకా జవాబివ్వలేదు. నియమం ప్రకారం హక్కు సంఘానిదే అయింది. ఓట్లు లెక్కపెట్టారు. లోహితకు నూట పద్దెనిమిది, ప్రశాంతికి నూట ఐదు. సరోజ తన ఓటు ప్రశాంతికే వేసింది. మస్తాన్‌వలీ ఎవరికి వేశాడో ఇప్పటికీ చెప్పడు.

విహారి పడీపడీ నవ్వాడు. "పన్నెండు రోజులు గొంతులు చించుకుని మీరు తేల్చింది ఇదా? మా యంత్రం నాలుగు నిమిషాల్లో చెప్పిన పేరే కదండీ!"

"పేరు అదే బాబూ," అంది సరోజ. "మీ మిషను పంపితే ఆ పిల్ల మా ఊరికి డ్యూటీ మీద వచ్చినట్టుండేది. ఇప్పుడు మేం తెచ్చుకుంటున్నాం. రేపు పిల్ల సరిగా ఆడకపోతే తిట్టుకునేదీ మేమే, అన్నం పెట్టేదీ మేమే. మా తప్పు కూడా మేమే చేసుకుంటాం. దాన్ని ఇంకొకళ్లకి అప్పగించం."

సరిగ్గా ఆరూ ఇరవై ఎనిమిదికి తెర మెరిసింది. లోపల నీడల వాదన ముగిసింది, అవీ ఓటు వేసుకున్నాయి. ఆ ఓటునే తూకం జవాబుగా చెప్పింది: తానేటి ప్రశాంతి.

నీరజ అంకెలు వెదికి చూసి, మెల్లగా చెప్పింది. "నీడలకు ఎదురు రోజు తెలీదు కదండీ. ఆ ఒక్కరోజూ నేను బనీన్లు తీసేసుకున్నాను. లోపలి సరోజగారు లోహిత గురించి ఒక్క మంచి మాట కూడా అనలేదు. అరిచి అరిచి, అందర్నీ తన వైపు తిప్పేసుకున్నారు."

విహారి నవ్వు మాయమైంది. మరుక్షణమే ఏదో తట్టినట్టుంది, సరోజ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, జవాబు అరగంటేగా ఆలస్యమైంది. తూకం మాటే మాకు సమ్మతమని సంఘం పెద్దగా మీరొక్క సంతకం పెట్టండి, గడువు పొడిగించినట్టు నేను రాస్తాను. మీరు కోరుకున్న అమ్మాయే వస్తుంది. యంత్రం పరువూ నిలుస్తుంది."

సరోజ తెర వైపు చూసింది. అక్కడ తన నీడ గెలిచిన ఆనందంలో బంతి పైకెగరేస్తోంది. చీరాలలో ఒక పిల్ల ఫోను చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ సంతకం పెట్టాలని ఎంతగా అనిపించిందో ఆవిడకే తెలుసు.

"పెట్టను," అంది.

"మీరు గెలుస్తున్నారమ్మా!"

"నేను ఓడిపోయాను. ఇంతమంది ఎదుట నా నోటితోనే ఓడిపోయాను. నన్ను గెలిపించడానికి నువ్వెవరు, నీ మిషనెవరు? ఆ లోపలున్నదానికి ఎదుటివాళ్ల మాట వినడం రాదు. మా సంఘంలో అయితే దానికి ఓటే లేదు."

మస్తాన్‌వలీ లేచి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. నీరజ తెర ఆపేసింది.

సరోజ ఫ్యాక్టరీ గదిలోకి వెళ్లి చీరాలకు ఫోన్ చేసింది. మొదటి రింగుకే ప్రశాంతి ఎత్తింది.

"నిన్ను తీసుకోలేదే, తల్లీ."

"యంత్రం వద్దందా పిన్నీ?"

అవునంటే సరిపోయేది. యంత్రాన్ని తిట్టుకుని ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్లు, రేపటికి తేరుకునేవాళ్లు. తూకం వల్ల మనుషులకు నిజంగా ఒరిగే లాభం అదొక్కటే, అది సరోజ చేతికి అందేంత దగ్గర్లో ఉంది.

"కాదే. యంత్రం నిన్నే కావాలంది. మేమే వద్దనుకున్నాం. లోహిత తరఫున మాట్లాడింది నేనే."

ప్రశాంతి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఏం మాట్లాడావు పిన్నీ? ఆ పిల్లకి ఎడమ చెయ్యే లేదు. ఎడమవైపు నొక్కితే బంతి వదిలేస్తుంది. ఎవరూ చెప్పలేదా మీకు?"

"వదిలేస్తుందా? పోయినేడు మన మీద రెండుసార్లు ఎడమ చేత్తోనే వేసిందే!"

"ఒక్కసారి. రెండోది గుడ్డిదెబ్బ."

"గుడ్డిదెబ్బా? నువ్వు చూశావా ఆ మ్యాచి?" అంటూ సరోజ స్టూలు లాక్కుని కూర్చుంది.