మంచు టైర్లు, తడి తారు

ఎర్ర లైట్లు మళ్ళీ వానలో మాయమయ్యాయి!

శరత్‌కుమార్ టాక్సీ డాష్‌బోర్డు మీద పిడికిలితో గుద్దాడు. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కబోయాడు.

వద్దన్నాడు శరత్. స్పీడు పెంచొద్దన్నాడు.

డ్రైవర్ వింతగా చూస్తున్నాడు. బండి పోయిందని రోడ్డుకి అడ్డం పడి టాక్సీ ఆపింది ఈయనే. ఇప్పుడు మెల్లగా పొమ్మంటున్నదీ ఈయనే!

ఏం చెప్పాలి అతనికి? బండి దొరకదని కాదు భయం. తరిమితే అది ఆగదని!

ఆ బండి శరత్‌ది. నల్ల ఎస్‌యూవీ. వెనక సీట్లో వాళ్ళమ్మ జానకమ్మాళ్ ఉంది.

కాసేపటి క్రితం సూలూరు దాటాక బేకరీ ముందు ఆపాడు. అమ్మ నిద్రపోతోంది. ఏసీ ఆపితే లేస్తుందని ఇంజన్ ఆన్‌లోనే ఉంచి టీకి దిగాడు. గ్లాసు చేతికొచ్చింది... బండి కదిలింది! ఎవడో బక్కపలచటి మనిషి. మొహం కూడా సరిగ్గా కనిపించలేదు.

దానికి తోడు ఆ దిక్కుమాలిన టైర్లు!

మంచు టైర్లు. రబ్బరు నిండా ఇనుప మేకుల్లాంటి స్టడ్స్. చలికాలంలో ఫ్రెండ్స్‌తో మంచు కొండల్లోని స్పితికి పోయినప్పుడు వేయించాడు. అక్కడ గడ్డకట్టిన రోడ్డు మీద ఉడుము పట్టు పట్టాయి. అంత మంచుకే జారనిది మన వానకి జారుతుందా అని ఇంటికొచ్చాక కూడా ఉంచేశాడు.

జారుతుంది! తడి తారు మీద రబ్బరు కంటే ముందు ఇనుము ఆనుతుంది. గట్టిగా బ్రేక్ తొక్కితే, నూనె ఒలికిన గచ్చు మీద కాలు పెట్టినట్టే. ఇలాంటి టైర్లతోనే వాల్పారై ఘాట్‌లో తన బండి కల్వర్టుకి గుద్దుకుందని ఆ ఫ్రెండ్స్ గ్రూపులో ఒకడు మొత్తుకున్నాడు కూడా. విన్నాడా? వింటే శరత్ ఎందుకవుతాడు! ఆ గరగర చప్పుడు భరించలేక అమ్మ రోజూ పోరుతూనే ఉంది.

ఎదురుగా బస్సు!

ఎస్‌యూవీ బ్రేక్ లైట్లు వెలిగాయి. వెనక భాగం అడ్డంగా తిరిగింది... ఇంకా తిరిగింది... వెంట్రుకవాసిలో బస్సు తప్పుకుంది. 

ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్.

నొయ్యల్ నది వంతెన మీద లారీ అడ్డం పెట్టించామన్నాడు. శరత్‌కి ఒళ్ళు మండిపోయింది. లారీ తీయించండి, ఆ బండి ఆగదు, లోపల అమ్మ ఉందని బతిమాలాడు. పోలీసులకి పాఠాలు చెప్పొద్దని ఆయన కసిరాడు. తుపాకీ ఉన్నవాణ్ణి ఊరి మీదకి వదిలేస్తామా అని ఫోన్ పెట్టేశాడు.

తుపాకీ లేదు. అది శరత్ చెప్పిన అబద్ధం. మొదటిసారి ఫోన్ చేస్తే స్టేషన్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ మాటంటే గాని కదల్లేదు.

అమ్మకి ఫోన్ చేశాడు.

ఎత్తింది! వెంటపడొద్దని కొడుక్కి చెప్పమని ఆ దొంగే ఎత్తించాడట. స్పీకర్ కూడా పెట్టించాడట.

పెట్టిస్తేనేం? శరత్ తెలుగులోకి దిగాడు. ఈ తమిళ ఊళ్ళో వాళ్ళింటి తాళం అదే. చీరల కొట్లో బేరానికి, బస్సులో పక్కవాడి గురించి గొణుక్కోవడానికి... బయటివాడికి తెలియకూడనిదంతా తెలుగే. చిన్నప్పటి నుంచీ అంతే.

"అమ్మా, వానికి తెలీకుండా బెల్టు ఏసుకో. వంతెన మింద పోలీసోళ్ళు లారీ పెట్టుండారు. వాడు బ్రేకు తొక్కితే బండి జారతాది. తల వంచుకోని సీటు గట్టిగా పట్టుకో."

 టైర్ల గరగర ఒక్కటే.

తర్వాత... మగ గొంతు.

"అన్నా, తొక్కకుండా ఎట్ల నిలిపేది? చెప్పన్నా."

తెలుగు!

 తెలుగంటే తమ ఇళ్ళదీ, తమ తోటలదీ, తమ మిల్లులదీ అనుకున్నాడు శరత్. ఆ మిల్లులు ఊడ్చేవాళ్ళ ఇళ్ళల్లోనూ అదే మాటని ఏనాడైనా ఆలోచించాడా? సిగ్గుపడటానికి కూడా టైమ్ లేదు.

"కాలు ఎత్తు. బ్రేకు ముట్టొద్దు. మూడో గేరు... ఇప్పుడు రెండు. స్టీరింగు తిప్పొద్దు. నేరుగా పోనీ, తంబీ."

ఎర్ర లైట్లు దగ్గరవుతున్నాయి. గరగర తగ్గుతోంది. వంతెన! లారీ! ఎస్‌యూవీ ఎద్దుబండిలా నడుస్తోంది...

ఆగింది!

"శరతూ," ఫోన్లో అమ్మ. "పేరు కదిరవన్ అంట. ఊరు తేని పక్క. ఏడస్తా ఉండాడు. చేతులెత్తి దిగు సామీ అని నేనే చెప్పినాను. వాని దగ్గర ఏమీ లేదు. పోలీసోళ్ళకి చెప్పు."

ఇన్‌స్పెక్టర్‌కి కొట్టాడు. ఎంగేజ్. మళ్ళీ కొట్టాడు. ఎంగేజ్!

టాక్సీ ఆగకముందే దూకేశాడు. వానలో పరుగు. లారీ వెనక టోపీలు. టోపీల ముందు తుపాకీ గొట్టాలు. ఎస్‌యూవీ డోర్ తెరుచుకుంది. కదిరవన్ దిగాడు. రెండు చేతులూ పైకి.

"కాల్చొద్దు! వాన్ని కాల్చొద్దు!"

గొంతు చించుకుని అరిచాడు శరత్. అరిచాక తెలిసింది... తెలుగులో అరిచాడు! గుండె అదిరినప్పుడు నోటికొచ్చేది ఇంటి మాటే. లారీ వెనకున్న తమిళ పోలీసులకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

అర్థమైంది ఒక్క కదిరవన్‌కే.

వాడు ఆ గొంతు వైపు గిర్రున వెనక్కి తిరిగాడు. చేతులు కిందికి దిగాయి.

లారీ వెనక నుంచి... ఢాం!