పాట ఆగకూడదు

ఖాట్మండూలో మిట్టమధ్యాహ్నం ఓ నల్ల కారు కూడలి దగ్గర ఆగింది. లోపల పాట మోగుతోంది. వెనక సీట్లో ఉన్న భారతీయ అధికారి తలనొప్పిగా ఉందని నుదురు నొక్కుకుంటూ, "కాసేపు ఆ పాట కట్టెయ్యవయ్యా" అన్నాడు. డ్రైవరు కట్టేశాడు.

ఆ తర్వాత కారు లేదు, అధికారి లేడు, డ్రైవరూ లేడు. పాట ఆపిన సంగతి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. అది ఇప్పుడు చంపినవాళ్లకూ, మీకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"ఇలా పేలడం ఇది మూడోసారి," అన్నాడు చీఫ్. అది 2009 మే నెల, హైదరాబాద్‌లో కర్టెన్లు మూసిన గది. "మూడుసార్లూ ముందు జీపులో జామర్ ఆన్‌లోనే ఉంది. రిమోట్ పనిచేయదు, సెల్‌ఫోన్ పనిచేయదు. అయినా బాంబు పేలింది. ఎలా?"

"తెలీదు సార్," అన్నాడు ఏజెంట్ పరంజ్యోతి.

"నాకూ తెలీదు. చేసింది మాత్రం ఆర్కిడ్. సరిహద్దు అవతలి నుంచి నడిచే ముఠా. వాళ్ల తర్వాతి టార్గెట్ డాక్టర్ ఉమామహేశ్వరమ్మ."

పరంజ్యోతి నిటారుగా కూర్చున్నాడు. సైన్యం వాడే రహస్య కోడ్ ఆమె బుర్రలోంచి పుట్టింది. ఆ కోడ్ మార్చాలన్నా, పాడైతే బాగుచేయాలన్నా దేశంలో ఆమె ఒక్కతే దిక్కు.

"చిన్నప్పుడు లెక్కలు చెప్పిన టీచర్ విగ్రహం ఆళ్లగడ్డ శిల్పుల చేత చెక్కించిందట. వెళ్లి చూస్తానంటోంది. వద్దంటే వినే రకం కాదు. నువ్వు నంద్యాలలో కారు స్టీరియోలు బిగించే మెకానిక్కువి. పాములపాడు వాడివే కదా, యాస కొత్తగా నేర్చుకోనక్కర్లేదు."

"కాంటాక్ట్?"

"శ్రీవాణి. ఏడాది కిందట ఆర్కిడ్‌ని వదిలి మనవైపు వచ్చింది. డాక్టరమ్మకు సెక్రటరీగా పెట్టాం."

చీఫ్ ఫైలు మూసేశాడు.

నాలుగు రోజులు గడవకముందే పరంజ్యోతి చొక్కాకు గ్రీజు, చెవి వెనక స్క్రూడ్రైవరు అంటుకుపోయాయి. నంద్యాల శ్రీనివాస సెంటర్ దగ్గర అతనున్న కొట్టు ముందు ఓ సాయంత్రం తెల్ల సుమో ఆగింది. ఆకాశం రంగు చీర కట్టి, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఆవిడ దిగింది. ఎదురుగా టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పెదాల దగ్గరే ఆపేశారు.

"మహానంది అరటి గెలలు వచ్చాయా?" అంది.

"పచ్చివే వచ్చినాయి మేడం. ఇంకా మాగాల."

కోడ్ సరిపోయింది. శ్రీవాణి ఒక పెట్టె బల్ల మీద పెట్టి గొంతు తగ్గించింది. "ఇది డాక్టరమ్మ బండికి, ఈ సుమోకే బిగించాలి. ఫోన్లో పాట పెడితే వైరు లేకుండా కారు స్పీకర్లలో వస్తుంది. బ్లూటూత్. ఆమెకు కొత్త స్మార్ట్‌ఫోన్ నేనే కొనిచ్చాను. స్టీరియో లోపల మన ల్యాబ్ వాళ్లు పెట్టిన మైకుంది. సీలు విప్పొద్దు."

పెట్టె మామూలు స్టీరియో కన్నా బరువుగా ఉంది. ఆ మాట పరంజ్యోతి నోటిదాకా వచ్చింది. అంతలో శ్రీవాణి కళ్లద్దాలు పైకెత్తి నవ్వింది. వచ్చిన మాట వచ్చినట్టే వెనక్కి పోయింది. ఎంతటి ఏజెంటైనా మగవాడే కదా, ఏం చేస్తాం! స్క్రూలన్నీ తన చేత్తోనే బిగించాడు.

"రేపు నువ్వూ బండిలో ఉండు. దారిలో పాట ఆగిపోతే చూసుకోవాలి కదా," అందామె వెళ్తూ.

మర్నాడు బయల్దేరే వేళను శ్రీవాణి రెండుసార్లు మార్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. చివరికి ఎండ ముదిరాక జామర్ ఉన్న పోలీసు జీపు ముందు కదిలింది. అందులో శ్రీవాణి, ఇద్దరు కానిస్టేబుళ్లు. వెనక తెల్ల సుమో. డ్రైవరు అంకన్న, పక్కన పరంజ్యోతి, వెనక సీట్లో ఉమామహేశ్వరమ్మ.

"ఏం చిత్రమప్పా ఇది!" ఆమె ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని మురిసిపోతోంది. "క్యాసెట్టూ లేదు, వైరూ లేదు. పాట గాల్లో పోతాంది."

"చార్జింగ్ బేగా అయిపోతాదమ్మా దీనికి," అన్నాడు పరంజ్యోతి.

"ఒగ గీత ఉందిలే. ఆళ్లగడ్డ దాకా రాదా?"

అయ్యలూరు మెట్ట దాటారు. రోడ్డు మీద పురుగు లేదు. వేడి గాలికి దూరాన ఉన్న నల్లమల కొండలు వణుకుతున్నట్టు కనిపిస్తున్నాయి. జామర్ దెబ్బకు ఎవరి ఫోన్లోనూ సిగ్నల్ లేదు. అయినా రెండడుగుల దూరంలో ఉన్న ఫోనుకూ స్టీరియోకూ మధ్య నడిచే బ్లూటూత్ జోలికి అది పోదు. ప్రేమ పాట గట్టిగా మోగుతోంది. పరంజ్యోతి మాత్రం మాటిమాటికీ స్టీరియో వైపే చూస్తున్నాడు.

శిరివెళ్ల ఇంకా రాకముందే రోడ్డు పక్కన జనం కనబడ్డారు. పాడె నేల మీద దించి ఉంది. తప్పెట్లు ఆగిపోయాయి. దింపుడు కళ్లం అది. శ్మశానానికి పోయే దారిలో పాడె దించి, కొడుకు తండ్రి చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతాడని ఆశ. ఆ కాసేపూ పసిపిల్లలు కూడా నోరెత్తరు.

జీపు ముందే దాటిపోయి చాలా దూరంలో ఆగింది. అంకన్న బండి వేగం తగ్గించాడు. ఈ వైపు ఏ డ్రైవరైనా చేసే పనే చేయబోయాడు. చెయ్యి స్టీరియో బటన్ వైపు వెళ్లింది.

పరంజ్యోతి చూపు ముందు అద్దంలోంచి జీపు మీద పడింది. శ్రీవాణి కిందికి దిగి, సుమో వైపు తిరిగి నిలబడింది. రెండు అరచేతులతో చెవులు మూసుకుంది.

శవాన్ని చూసి దండం పెట్టేవాళ్లుంటారు. చెవులు మూసుకునేవాళ్లు ఎవరుంటారు?

అతను అంకన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏందన్నా ఇది? శవం ఉండాది. పాట ఆపాల," అన్నాడు అంకన్న.

"ఆపితే మనం కూడా శవాలమే. ముట్టొద్దు!"

బరువైన పెట్టె, విప్పొద్దన్న సీలు, జామర్ ఉన్నా పేలిన మూడు కార్లు, రెండుసార్లు మార్చిన వేళ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. బాంబును పేల్చడానికి రిమోట్ అక్కర్లేదు. ఒకసారి మొదలైన పాట ఆగితే చాలు. ఈ ఊళ్లో చావు జరిగిందనీ, ఈ వేళకే పాడె ఊరు దాటుతుందనీ, చావు ఎదురైతే ఇక్కడివాళ్లు పాట ఆపుతారనీ శ్రీవాణికి తెలుసు. ఆ చావును బిగించింది మాత్రం నేనే, నా చేత్తోనే, అనుకున్నాడు పరంజ్యోతి.

పోనీ సౌండు తగ్గిస్తే? దాన్నీ ఆపడం కిందే లెక్కపెడుతుందేమో. ఆ పెట్టె లోపల ఏముందో తెలీనప్పుడు దాని మీద వేలు పెట్టే ధైర్యం లేదు.

అప్పటికే జనం బండిని చుట్టుముట్టారు. పాడె దగ్గర నుంచి ఓబులేసు అనే బలమైన మనిషి లేచి వచ్చాడు. చనిపోయింది అతని తండ్రే. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కండ్లు కనపడవాప్పా మీకు? మా నాయన్ను పిలుస్తాండా! ఆపు ఆ పాట!"

సరిగ్గా అప్పుడే పాట దానంతట అదే అయిపోయింది. పరంజ్యోతి ఊపిరి బిగబట్టాడు. లోపల ఎక్కడో టిక్ మంది.

"ఆ, అట్ల ఆపాల," అన్నాడు ఓబులేసు.

రెండు క్షణాల్లో తర్వాతి పాట అందుకుంది. అది అంతకన్నా హుషారైన డ్యాన్సు పాట. జనం చేతుల్లోకి రాళ్లు వచ్చాయి. ఓబులేసు చెయ్యి కిటికీలోంచి స్టీరియో మీదికి దూసుకొచ్చింది. పరంజ్యోతి దాన్ని రెండు చేతులా అడ్డుకున్నాడు.

"అన్నా, దీంట్లో బాంబు ఉండాది. పాట ఆగితే పేల్తాది. ఈడుండే అందరం పోతాం!"

"ఎవరికి చెప్తాండావ్ కత?"

వెనక తలుపు తెరుచుకుంది. ఉమామహేశ్వరమ్మ ఫోన్‌ను సీటు మీదే వదిలి మెల్లగా దిగి, ఓబులేసు ఎదుట చేతులు జోడించింది.

"నాయనా, ఆ పిల్లోడు చెప్పేది నిజం. నన్ను సంపేదానికి పెట్టినారు. నాతోపాటు మీరెందుకు పోవాల? పాడె ఎత్తుకొని దూరం పోండి."

"మూడుసార్లు పిలవందే పాడె ఎత్తగూడదమ్మా. ఇంగా రెండుతూర్లే పిలిచినా."

"అట్లయితే బండికి దారి ఇయ్యి."

ఓబులేసు ఆమె ముఖంలోకి చూశాడు. ఏం కనబడిందో గానీ వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు. "దారి ఇడవండ్రా! రాళ్లు పారెయ్యండి!"

అంకన్నను దించి పరంజ్యోతి స్టీరింగ్ అందుకున్నాడు. కుడివైపు మట్టిబాట, దాని చివర కాలువ. ఎండాకాలం కాబట్టి అందులో చుక్క నీళ్లు లేవు. సుమో గుంతల మీద ఎగిరెగిరి పడుతోంది. సీటు మీది ఫోన్ ఎగిరినప్పుడల్లా అతని గుండె ఎగురుతోంది. పాట మధ్యలో చార్జింగ్ అయిపోతోందని ఫోన్ కుయ్‌మంది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ దాన్నే బతిమాలుకున్నాడు. కాలువ గట్టెక్కగానే బండిని లోపలికి వదిలేసి బయటికి దూకాడు. గట్టు ఇవతలికి దొర్లి, మట్టిలో ముఖం దాచుకున్నాడు.

పాట ఆగింది.

ఒక క్షణం గడిచింది. రెండో క్షణం గడిచింది.

భూమి అదిరింది. కాలువలోంచి మట్టి లేచి ఆకాశాన్ని కమ్మేసింది. చుట్టుపక్కల ఊళ్లలోని కుక్కలన్నీ ఒకేసారి మొరిగాయి.

పొగ పలచబడ్డాక పరంజ్యోతి చిరిగిన చొక్కాతో కుంటుకుంటూ రోడ్డు మీదికి వచ్చాడు. కానిస్టేబుళ్లతో పాటు శ్రీవాణి పరుగెత్తుకొచ్చింది. కంట్లో నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. పాడె పక్కన డాక్టరమ్మ నిలబడి ఉండటం చూసి అక్కడే ఆగిపోయింది.

"పేలకముందే చెవులెందుకు మూసుకున్నావ్ శ్రీవాణీ?" పరంజ్యోతి అడిగాడు.

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. అంకన్న వెనక నుంచి ఆ చెయ్యి పట్టి మెలిపెట్టాడు. లిప్‌స్టిక్ అంత పిస్తోలు రోడ్డు మీద పడింది. కానిస్టేబుల్ బేడీలు తీశాడు. ఏడాది కిందట మనవైపు తిరిగిందనుకున్న మనిషి అసలు తిరగనే లేదు.

"నీ నవ్వు బాగుంటుంది," అన్నాడు పరంజ్యోతి. "అది చూడకుండా నేను సీలు విప్పి ఉండాల్సింది."

కానిస్టేబుళ్లు శ్రీవాణిని జీపెక్కించారు.

పాడె దగ్గర మళ్లీ నిశ్శబ్దం. పెద్దమనిషి ఒకాయన ఓబులేసును అడిగాడు. "రెండుతూర్లు పిలిస్తివి గదా. మూడోతూరి పిలుచ్చావా?"

ఓబులేసు కాలువ మీది పొగ వైపు చూశాడు, తండ్రి ముఖం వైపు చూశాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ సప్పుడికే లేయలేదంటే ఇంగ లేయడులేప్పా. ఎత్తండి."