వెనక్కి వచ్చిన స్లైడ్లు

"మీ స్లైడ్లు నేను చూడలేను. వేరేవాళ్ళకి ఇవ్వండి."

పేథాలజీ డాక్టరు ట్రే బల్ల మీద పెట్టి చక్కా పోయాడు. ల్యాబ్‌లో అందరూ 'నేలఉసిరి' అని పిలిచే అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

జ్వరం మందు మోతాదు మించితే లివర్ దెబ్బతింటుంది. నేలఉసిరి సారం దాన్ని కాపాడుతుందని నిరూపించడానికి ఆమె మూడేళ్ళుగా తంటాలు పడుతోంది. మందు ఎక్కువైన ఎలుకల్లో కొన్నిటికే సారం పట్టింది. ఏ స్లైడ్‌లో ఉన్నది ఏ ఎలుక లివర్ ముక్కో మైక్రోస్కోప్‌లో చదివేవాళ్ళకి తెలియకూడదు కాబట్టి వాటి మీద ఉత్త అంకెలే ఉంటాయి. ఇతను కాదంటే పేథాలజీలో ఇక మిగిలింది పెద్ద మేడమ్ ఒక్కరే. ఆకు పసర్లంటే ఆవిడకి గిట్టదు. ఆవిడ పెదవి విరిస్తే ఈ పని అటకెక్కినట్టే.

గొడుగైనా లేకుండా వానలో పక్క బిల్డింగ్‌కి వెళ్ళి, అతని గది తలుపు తోసింది.

"నా పని మీద నమ్మకం లేదా?"

"ఉండటమే గొడవ," అన్నాడతను, మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండా. "నిన్న ఒక స్లైడ్‌లో కణాలు చక్కగా ఉన్నాయి. ఇది మీ సారం తాగిన ఎలుకదే అయితే బావుణ్ణు అనుకున్నాను."

"అనుకుంటే ఏమైంది?"

"తర్వాతి దాంట్లో కణాలు చచ్చిపోయి ఉంటే, చావలేదేమో అనిపించింది. ఇలాంటి కళ్ళతో చదివితే మీ కష్టం ఎందుకూ కొరగాదు."

"మిగతావాళ్ళవి చదువుతున్నారుగా?"

"వాళ్ళు కారిడార్‌లో వస్తుంటే నేను పని మానేసి తలుపు దగ్గర నిలబడను కదండీ."

కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. జడలోంచి కారుతున్న నీళ్ళు తుడుచుకుంటూ నవ్వు ఆపుకుంది. ఇలాంటివాణ్ణి వదులుకునేంత తెలివితక్కువది కాదు తను.

"సరే, పెద్ద మేడమ్‌కే ఇస్తాను. నా సారం ఎవరి దయా లేకుండానే నిలబడుతుంది."

నిలబడింది. వారం తిరిగాక అంకెల గుట్టు విప్పి చూస్తే, సారం తక్కువ మోతాదులో ఏమీ చెయ్యలేదు గానీ, ఎక్కువ మోతాదు తాగిన ఎలుకల లివర్ చాలావరకు క్షేమం. "పసరే అయినా పని చేసిందమ్మా," అని ఆవిడ సంతకం పెట్టేసింది.

నేలఉసిరి తిన్నగా అతని దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పింది.

"ఆదివారం మా ఇంటికి రండి. అమ్మకి చెప్పేశాను."

"రిజల్ట్ వచ్చిందనా?"

"అది ఇవాళేగా వచ్చింది. మిమ్మల్నే చేసుకుంటానని ఆ వానరోజే చెప్పాను."

అతను మైక్రోస్కోప్ వదిలి లేచాడు. "మేడమ్ గనక పని చెయ్యలేదని రాసుంటే?" అన్నాడు.

"సారం ఓడిపోయేది. అమ్మకి చెప్పిన మాట మారేది కాదు."