నాలుగు సున్నాల తాళం

"గొడుగు తెచ్చావా?" అంది ఫోన్‌లో గొంతు.

"ఎండకి తెచ్చాను, వానకి లేదు" అన్నాడు ఉడుము.

కోడ్ కలిసింది. ఉడుము అంటే డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంటుకి అందరూ కలిసి పెట్టిన పేరు, పట్టుకుంటే వదలడని. ఆ పొద్దుట వాడు ఆస్పత్రి వార్డులో, ఊపిరి మిషన్ మీదున్న అక్క పక్కన కూర్చుని, మిషన్ మీది నీలిపక్షి బొమ్మని ఊరికే చూస్తున్నాడు. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచిందీ, అన్నం పెట్టిందీ, అల్లరి చేస్తే వీపు చీరేసిందీ ఆ అక్కే.

"ఉన్నచోటే ఉండి విను" అన్నాడు పెద్దాయన, వాళ్ల చీఫ్. "చివరి మంచం మీద పోలీసు కాపలాలో ఒకడున్నాడు చూడు. విదేశీ ముఠాలోంచి మనవైపొచ్చిన సాక్షి. పన్నెండింటికి ఆ ముఠావాళ్లు వాణ్ణి లేపేస్తారు. తుపాకీ లేదు, విషం లేదు. ఊపిరి మిషన్‌ని బయటినుంచే ఆపేస్తారు."

"వాడి మిషన్ ఒక్కటేనా, సార్?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఆ నీలిపక్షి కంపెనీ మిషన్లన్నిటికీ తాళం, అదే లోపలికెళ్లే అంకెల కోడ్, ఒక్కటేనట. ఒకటి ఆపితే వార్డంతా ఆగుతుంది."

ఉడుము అక్క ముఖంలోకి చూశాడు. అన్నెంపున్నెం ఎరగని పిల్లలా నిద్రపోతోంది.

పరిగెత్తి పెద్ద డాక్టర్ని పట్టుకున్నాడు. డాక్టరు అప్పటికప్పుడు నీలిపక్షి కంపెనీ ఛైర్మన్‌కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. ఆయనగారు ఆ వేళ చట్టసభ కమిటీ గుమ్మం ముందున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో లోపముంటే చేసినవాడే జవాబు చెప్పాలని కొత్త చట్టం రాబోతోంది, దాన్ని ఆపించడానికి వెళ్లాడు.

"ఇంటర్నెట్ వైరు పీకేయమంటారా?" అన్నాడు డాక్టరు.

"అయ్యయ్యో, పీకకండి! లైసెన్స్ ఉందో లేదో ప్రతి నిమిషం మమ్మల్నడిగాకే మిషన్ ఊపిరిస్తుంది. వైరు పీకితే దానంతటదే ఆగిపోతుంది."

"పోనీ తాళం మార్చండి" అన్నాడు ఉడుము.

"తప్పకుండా మారుస్తాం. కొత్త వెర్షన్‌లో. వచ్చే ఏడాది."

"ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

"మా ఇంజనీరు చెప్పాడు లెండి. చిన్న విషయం కదా అని పక్కన పెట్టాం. ఇలాంటి వాటికల్లా కోర్టుకీడిస్తే కొత్తవి కనిపెట్టేవాడు మిగలడు బాబూ! మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

పెట్టేశాడు.

అసౌకర్యమట! కుక్కర్ పేలితే దాన్ని చేసినవాడి చొక్కా పట్టుకుంటారు. స్కూటర్ బ్రేకు పడకపోతే కంపెనీ బండ్లన్నీ వెనక్కి తీసుకుని బాగుచేస్తుంది. ఈ మహానుభావులు మాత్రం చిల్లుకుండ అమ్మి, నీళ్లు కారితే తప్పు నీ నేలదే అంటారు. పైగా ఆ చిల్లుకి ఇంగ్లీషులో 'ఫీచర్' అని అందమైన పేరొకటి పెడతారు.

నర్సులు రబ్బరు బుడ్లు తెచ్చారు, చేత్తో నొక్కి ఊపిరందించడానికి. మంచాలు ఎక్కువ, చేతులు తక్కువ. అక్క దాకా వస్తాయో రావో.

అప్పుడొచ్చింది ఆవిడ. ఎత్తుమడమల చెప్పులు, నల్లకళ్లద్దాలు, వార్డంతా కమ్మేసే సెంటు.

"నీలిపక్షి లాయర్ని. ముఠా పంపితేనే ఆ కంపెనీలో చేరాను" అంది ఉడుముతో మెల్లగా.

"ఇంత తీరిగ్గా చెబుతున్నారేమిటండీ?"

"సాక్షి ఒక్కడే పోతాడన్నారు. వార్డంతా అని ఇందాకే తెలిసింది. నేను మరీ అంత చెడ్డదాన్ని కాదు. ఎదురు మేడ, పరుపుల షాపు పైన గది. లోపల గ్లవ్స్ ఉన్నాడు."

గ్లవ్స్ ముఠా నాయకుడు. ఎండాకాలంలోనూ చేతితొడుగులు తీయడు.

"మిషన్ల తాళం ఏమిటి?"

"నాలుగు సున్నాలు."

"వేళాకోళమా?"

"మా ఇంజనీర్లు ఒకసారి రాసిందే అన్నిట్లోనూ అతికిస్తారు. మార్చాలంటే బద్ధకం."

ఉడుము ఏసీ మెకానిక్ చొక్కా తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని రోడ్డు దాటాడు. లాయరమ్మ వెనకాలే టకటకా వచ్చింది. పైకెక్కి, డిపార్ట్‌మెంట్ ఇచ్చిన జామర్ తీశాడు. చూడ్డానికి గడ్డం గీసుకునే మిషన్‌లా ఉంటుంది. నొక్కితే ఆ గదిలోంచి సిగ్నల్ బయటికి పోదు.

నొక్కాడు.

"అప్‌డేట్ అవుతోంది. దయచేసి ఆఫ్ చేయకండి" అంది జామర్.

"నీ మొహం మండ!" అన్నాడు ఉడుము.

పన్నెండు కావడానికి ఒక్క నిమిషం. ఎదురుగా ఉక్కు తలుపు, దానికి అంకెల తాళం. గోడకున్న స్పీకర్లోంచి గ్లవ్స్ నవ్వాడు.

"ఏసీ బాగానే ఉంది మెకానిక్కూ, ఇంటికెళ్లు. ఏనుగొచ్చి గుద్దినా ఆ తలుపు రాదు. మార్కెట్లో అన్నిటికన్నా ఖరీదైన తాళం!"

ఉడుము తాళం వంక చూశాడు. మూలగా చిన్న నీలిపక్షి. పొద్దుటినుంచీ అక్క మిషన్ మీద చూస్తున్న పక్షే.

"లాయరమ్మా, ఇదీ మీవాళ్లదేనా?"

ఆవిడ కళ్లద్దాలు తీసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సున్నా. సున్నా. సున్నా. సున్నా.

"స్వాగతం" అంది తలుపు, తియ్యగా.

గ్లవ్స్ వేలు మీటకి వెంట్రుకవాసిలో ఉంది. ఉడుము సంచీ విసిరి ఆ మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. ఇక ఉడుంపట్టే. వీధి గడియారం పన్నెండు కొట్టింది. ఎదురు కిటికీలోంచి నర్సు చెయ్యి ఊపింది. మిషన్లన్నీ ఆడుతూనే ఉన్నాయి. అక్క ఊపిరి తీస్తూనే ఉంది.

బేడీలు పడ్డాక గ్లవ్స్ గింజుకున్నాడు. "ఆ తాళం కంపెనీని కోర్టుకీడుస్తాను! ఇంత డబ్బు పోసి కొన్నానే!"

లాయరమ్మ తన చేతులు కూడా బేడీలకి చాపుతూ నవ్వింది. "కొన్ననాడు 'నాకు సమ్మతమే' అని నొక్కారు కదండీ. ఏం జరిగినా మాకు సంబంధం లేదని అందులో ఉంది. నేనే రాశాను."

కొత్త చట్టం కావాలంటూ కమిటీ ముందు సాక్ష్యం చెప్పడానికి మొట్టమొదట చెయ్యెత్తినవాడు, జైల్లో ఉన్న గ్లవ్స్.