కడిగి బోర్లించిన డబ్బా

డబ్బా అక్కడే ఉంది. అందులోని మందే లేదు.

1983 నవంబరు. ముసురు పట్టిన ఉదయం. పుంగనూరు పొలిమేరలో పట్టుపురుగులు పెంచే కృష్ణప్ప ఇల్లు. వంటింటి గూట్లో బోర్లించి ఉన్న పాత బిస్కెట్ డబ్బాను డిటెక్టివ్ మునికృష్ణ రుమాలుతో పట్టుకుని తీశాడు. లోపల వాసన చూశాడు. ముక్కు ముడిచాడు.

సి.ఐ.డి.లో ఉండగా హత్యలు తేల్చిన మనిషి. రిటైరై మదనపల్లెలో బోర్డు పెట్టుకుంటే వచ్చిన మొదటి కేసు ఇదీ! కుక్క మందు దొంగతనం. పైగా ఆయనకు కుక్కలంటే భయం.

వసారాలో గోనెపట్టా మీద జిమ్మీ పడుకుని ఉంది. ముసలి కుక్క. మూతి నెరిసిపోయింది. తెల్లవారగానే ఫిట్స్ వచ్చింది. వెనక కాళ్లు ఇంకా వణుకుతున్నాయి.

"నా పెండ్లాం ఒళ్లో పెట్టుకోని తెచ్చింది సార్ దీన్ని, కండ్లు తెరవని పిల్లప్పుడు," అన్నాడు కృష్ణప్ప. మాట్లాడుతూనే వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఆయమ్మ పోయింది. ఆయమ్మది ఇదొకటే మిగిలుండాది."

"ఫిట్స్ ఎప్పటి నుంచి?"

"రెండేండ్లాయ. సూపించిన సోటల్లా సూదేసి పంపించేద్దామన్నారు. నాగరాజు డాక్టరు చైనా మందు మొదలుపెట్టినాకే నిలిచింది."

ఆ నాగరాజు డాక్టరు అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మిలిటరీలో గుర్రాల డాక్టరు. కలకత్తాలో ఉన్నప్పుడు ఒక చైనా వైద్యుడి దగ్గర వేర్ల, బెరళ్ల వైద్యం నేర్చుకున్నాడు. ఇప్పుడు కుప్పంలో ఉంటూ, ఇంగ్లీషు మందుకు లొంగని ముసలి కుక్కలకు కషాయాలు ఇస్తున్నాడు.

"ఇంకో పొట్లం నా బ్యాగులో ఉంది," అన్నాడు డాక్టరు. "కానీ ఇవ్వను. ఈసారి మందు తీసినవాడు రేపు అందులో విషం కలిపితే? దొంగెవరో తేలాలి. అప్పుడే ఇస్తాను."

"మందు ఆగితే?"

"ఫిట్స్ మళ్లీ మళ్లీ వస్తుంది. ముసలి గుండె. ఎన్నిసార్లు తట్టుకుంటుందో చెప్పలేను."

మునికృష్ణ చేతులు ఊరుకోలేదు. సిగరెట్ తీసి అగ్గిపుల్ల గీశాడు.

"ఏమప్పా! బుద్ధుండాదా?"

పెరట్లోంచి కేక. మల్బరీ ఆకు గంప చంకలో పెట్టుకుని ఒకామె పరుగున వచ్చింది. కృష్ణప్ప అక్క యశోదమ్మ. ఈ ఇంట్లో పురుగుల పెంపకమంతా ఆమెదే. "పొగాకు తగిలితే పురుగులు సచ్చిపోతాయి! ఆర్పు!"

హంతకులు కూడా ఆయనతో అలా మాట్లాడలేదు. నోరు మూసుకుని ఆర్పేశాడు.

కృష్ణప్ప అనుమానం మునిరత్నం మీద. పశువుల కాంపౌండరు. చైనా మందును ఊరంతా తిరిగి వెక్కిరించిన మనిషి. పిలిపిస్తే గొడుగు ముడుస్తూ వచ్చాడు.

"నిన్న సాయంత్రం ఇక్కడికి వచ్చావా?"

"వచ్చినా సార్."

"ఎందుకు?"

"కుక్కను సూసిపోదామని. నేను బతకదన్న కుక్క ఎట్ల లేసి తిరగతా ఉండాదో సూడాలని."

"వంటింట్లోకి వెళ్లావా?"

"యాల పోతాను సార్? వసారాలోనే నిలబడుకోని పోయినా. మందు పనిచేస్తాండాదని నాకే కడుపుమంట. అంతమాత్రానికి దొంగను చేస్తారా?"

అబద్ధమాడేవాడు కడుపుమంట సంగతి ఒప్పుకోడు. మునికృష్ణ కిందికి చూశాడు. తన బూట్ల అంచున తెల్లటి పొడి. వంటింటి గడప మీద అంటింది. ఒంగి వేలితో రాసి చూశాడు. తాజా సున్నం.

పెరట్లోకి నడిచాడు. రేకుల షెడ్డు. లోపలి నుంచి వాన కురుస్తున్నట్టు ఒకటే చప్పుడు. వేలవేల పురుగులు ఆకు తింటున్న చప్పుడది. యశోదమ్మ గంపను షెడ్డు గుమ్మం బయటే దించి, కూలికి వచ్చే కుప్పమ్మను కేకేసి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది. కుప్పమ్మ బయటికి వచ్చి గంప అందుకుంది.

"రోజూ మేత నువ్వే వేస్తావా?" అడిగాడు మునికృష్ణ.

"ల్యా సార్! అక్క నన్ను పురుగుల తట్టల దగ్గరికే రానీదు. ఏమో, ఈ పొద్దు నన్ను ఎయ్యమనింది."

మునికృష్ణ యశోదమ్మ వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది.

కాసేపటికి అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు. తను మాత్రం కూర్చోలేదు. వెలిగించని సిగరెట్ వేళ్ల మధ్య నలుగుతోంది.

"మందు కావాలనుకున్న దొంగ డబ్బాతో సహా ఎత్తుకుపోతాడు. పగ ఉన్నవాడు మందు పారబోసి పోతాడు. కానీ ఈ దొంగ డబ్బాను బ్లీచింగ్ పౌడరుతో కడిగాడు. ఆరడానికి బోర్లించాడు. గడపకు సున్నం చల్లాడు. దొంగతనం చేసి ఇల్లు శుభ్రం చేసేదెవరు? మందు కోసం వచ్చినవాడు కాదు. మందును చూసి భయపడినవాడు."

డాక్టరు వైపు తిరిగాడు.

"డాక్టరుగారూ, ఆ పొట్లం విప్పండి."

"అందులో ఏముందో నేను ఎవరికీ..."

"విప్పండి."

డాక్టరు పేపరు పరిచి పొట్లం విప్పాడు. ఎండిన వేర్లు. బెరడు ముక్కలు. వాటి మధ్య సుద్దముక్కల్లా తెల్లగా, గట్టిగా, వేలెడంత పొడవున ఏవో ఉన్నాయి.

కృష్ణప్ప ఒక్క ఉదుటున వెనక్కి దూకాడు. "సున్నపుకట్టు!"

పట్టు రైతుకు చెప్పాల్సిన పనిలేదు. ఆ రోగం వచ్చి చచ్చిన పురుగు సుద్దలా బిగుసుకుపోతుంది. ఒక్క పురుగు చాలు, షెడ్డంతా ఊడ్చుకుపోవడానికి.

"చైనా వైద్యంలో ఫిట్స్‌కి ఇదే మందు," అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "శాంతిపురం రైతుల దగ్గర ఏరుకొస్తాను. ఇన్నాళ్లూ పొడి కొట్టి ఇచ్చాను. ఈసారి దంచే తీరిక లేక అలాగే పంపాను."

"అందుకే ఇన్నాళ్లూ పోని మందు నిన్న పోయింది," అన్నాడు మునికృష్ణ. "రోగపు పురుగును ముట్టుకున్న మనిషి షెడ్డులో అడుగు పెట్టకూడదు. ఈ ఇంట్లో ఈ ఉదయం షెడ్డుకు దూరంగా నిలబడింది ఒక్కరే. యశోదమ్మగారూ, మందు ఏంచేశారు?"

"పొయ్యిలో ఏసినా."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "పోయిన పంట గుర్తుండాదా కృష్ణప్పా? తట్టలు తట్టలు తెల్లగా కట్టెలైపోయినాయి. గుంత తీసి, సున్నం పోసి, నా సేతులతోనే పూడ్సినా. నిన్న కషాయం కాద్దామని డబ్బా తెరిస్తే అదే పురుగు. నాకు కాళ్లూ సేతులూ ఆడలా."

"నాకు సెప్పొచ్చు గదక్కా!"

"సెప్తే నువ్వేమంటావు? పంట పోతే పోనీ, కుక్క బతకాల అంటావు. ల్యాకుంటే నా మొగం సూసి, కుక్క పోతే పోనీలే అంటావు. ఆ రెండు మాటల్లో ఏదీ నేను ఇనలేను."

ఆమె జిమ్మీ వైపు చూసింది. "తెల్లారి అది కొట్టుకుంటాంటే పక్కనే నిలబడి సూసినా."

"తవుడు వేసి బాగా వేయించాను. ఆ వేడికి రోగం చచ్చే ఉంటుంది," అన్నాడు డాక్టరు.

"ఉంటుంది అనే మాట నమ్ముకోని షెడ్డు పణం పెట్టలేను అయ్యా," అంది యశోదమ్మ.

డాక్టరు తల దించుకున్నాడు. పట్టు రైతు ఇంటికి ఏం పంపుతున్నాడో ఒక్క మాట చెప్పలేదు. చెబితే గడప తొక్కనివ్వరని తెలుసు కనుకనే చెప్పలేదు.

అప్పుడే గోనెపట్టా కదిలింది. జిమ్మీ మెడ వెనక్కి విరుచుకుంది. నోట నురగ. నాలుగు కాళ్లూ నేలను కొడుతున్నాయి. కుక్కలంటే భయపడే మునికృష్ణే ముందు ఒంగి, దాని తల నేలకు కొట్టుకోకుండా అరచేయి అడ్డుపెట్టాడు.

ఫిట్స్ తగ్గేసరికి యశోదమ్మ పేపరు ముందు కూర్చుని ఉంది. తెల్లటి ముక్కలు ఏరి గిన్నెలో వేస్తోంది.

"అక్కా, ముట్టుకోవద్దు!"

"ముట్టుకునిందే గదా. ఇంగ పురుగు గూడు కట్టేదాకా నేను షెడ్డు పక్క రాను. మందు కాసేది నేను. మేత ఏసేది నువ్వు. మన సేతులు కలవకూడదు, అంతే. పో, కాళ్లు కడుక్కో."

కృష్ణప్ప పుట్టి బుద్ధెరిగాక పురుగుకు ఒక్క ఆకు వేసినవాడు కాదు. బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు కడిగాడు. షెడ్డు గుమ్మంలో ఆగి బిక్కమొహంతో వెనక్కి చూశాడు.

"ఎంత ఎయ్యాలక్కా?"

"వాన సప్పుడు ఇనపడాల. ఆగిందంటే మళ్లా ఎయ్యి."

ఇంటికి దూరంగా, ఆరుబయట మూడు రాళ్ల పొయ్యి మీద కషాయం కాగింది. చల్లార్చి, జిమ్మీ తల ఒళ్లో పెట్టుకుని, యశోదమ్మ కొద్దికొద్దిగా నోట్లో పోసింది. ముసలి కుక్క గుటక వేసింది.

ముసురు ఎప్పుడో వెలిసింది. షెడ్డులో వాన చప్పుడు మాత్రం తెరిపి లేకుండా వినిపిస్తోంది. ఒక చేత్తో గిన్నె పట్టుకుని, చెవి అటే పెట్టి, ఆమె ఇంకో గుక్క పోసింది.