రివాస్ రోడ్డు మీద నీలం బ్యాక్‌ప్యాక్

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. గ్వాటెమాలా సిటీ, నాలుగో జోన్ బస్ టెర్మినల్.

వేడి జొన్నజావ గ్లాసు పెదాల దాకా తెచ్చుకున్న తదేయో మెడ వెనక చీమ కుట్టినట్టు చురుక్కుమంది. తిరిగి చూశాడు. ఒత్తుకుపోయే జనం తప్ప ఎవరూ లేరు. గ్లాసు చేతిలోంచి జారింది, ఆ వెంటనే మోకాళ్ళు మడతపడ్డాయి.

"అయ్యో నాయనా, ఏమైంది?" జావ అమ్మే ఆవిడ అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఒంటరి ప్రయాణికులు... బస్సులు... రివాస్," అన్నాడు తదేయో. అంతే.

చనిపోయింది మామూలు మనిషి కాదు. ఐదు దేశాల ఉమ్మడి గూఢచారి విభాగం 'కొలిబ్రి'లో సీనియర్ ఏజెంట్.

*

"కూర్చో నినెత్. కాఫీ?"

"ముందు విషయం చెప్పండి సర్."

డాన్ ఎర్మోహెనెస్ కాఫీ కప్పు పక్కకు జరిపాడు. కొలిబ్రి ఛీఫ్. నవ్వడం ఎప్పుడో మానేసిన మనిషి. ఎదురుగా ఏజెంట్ నినెత్ బరియాస్. ముప్ఫయ్యొకటో ఏడు నడుస్తున్నా జీన్స్ వేసుకుంటే కాలేజీ పిల్లలా ఉంటుంది. తదేయో ఆమెకు తుపాకి పట్టడం నేర్పిన గురువు.

"సాలమాండర్ ముఠా," అన్నాడు ఛీఫ్. "సముద్రాలు దాటొచ్చి మనకు తుపాకులు అమ్ముకునేవాళ్ళు. మన దగ్గర యుద్ధాలు ఆగిపోతే వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు. వచ్చే శనివారం ఐదు దేశాల మంత్రులు రివాస్ నుంచి కోస్టారికా సరిహద్దు దాకా లోకల్ బస్సులో మామూలు జనంతో కలిసి వెళ్తున్నారు. ఐదు దేశాలనూ కలిపే బస్ సర్వీసు ప్రారంభోత్సవం. సరిహద్దు గేటు దగ్గర టీవీ కెమెరాలు."

"అక్కడే దెబ్బ కొడతారు."

"అవును. సరుకు మోసేది ఎవరో తదేయో చెప్పే పోయాడు. బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని బస్సుల్లో ఒంటరిగా తిరిగే కుర్రకారు. 'మా వాళ్ళు దారిలో చిన్న బహుమతులిస్తారు, రివాస్‌లో అందజేస్తారా' అని ముఠా వాళ్ళు లాడ్జిల్లో అడుగుతారు. ఆ పిచ్చిమాలోకాలకు తాము మోసేదేమిటో తెలీదు."

"అంటే ఇప్పుడు నేను పిచ్చిమాలోకాన్ని."

"నటించడం నీకు కష్టం కాదులే." ఛీఫ్ ముందుకు వంగాడు. "దారిలో తోకలు పట్టుకోకు. సరుకు అందుకునే తల కావాలి నాకు. రివాస్ దాకా మూడు సరిహద్దుల్లోనూ నీ సంచి ఎవరూ తెరవకుండా చూస్తాను. రివాస్‌లో మన మనిషి కలుస్తుంది. కోడ్ పేరు ఆర్కిడ్."

పక్కగది మెకానిక్ ఆమెకు ఒక ప్లాస్టిక్ దువ్వెన ఇచ్చాడు. పిడి మెలితిప్పి లాగితే అందులోంచి అరచేతి పొడుగు కత్తి.

*

లాడ్జిలో మూడో రోజే గాలం పడింది. ఎక్కడెక్కడ ఆగాలో, ఏ ప్రశ్నకు ఏ జవాబివ్వాలో ముఠా మనిషి చెప్పి వెళ్ళాడు. నాలుగో రోజు నినెత్ నీలం బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని ఎల్ సాల్వడార్ బస్సెక్కింది.

ఒకప్పుడు ఉత్తరాది బడిపిల్లలను మోసి అలిసిపోయిన బస్సు అది. ఇప్పుడు ఒంటినిండా ఎరుపూ పచ్చా రంగులు, అద్దం మీద మేరీమాత బొమ్మ, ఇద్దరు కూర్చునే సీట్లో నలుగురు. పక్కన కూర్చున్న ముసలావిడ ఒళ్ళో బుట్ట, బుట్టలో కోడి.

"ఒక్కదానివే తిరుగుతున్నావేంటే అమ్మాయ్? మొగుడు తరిమేశాడా, నువ్వే తరిమేశావా?"

"ఇంకా దొరకలేదు దోన్యా."

"దొరక్కపోతే దేశాలు పట్టుకు తిరగాలా? మా ఊళ్ళో ఇద్దరున్నారు. పళ్ళు లేవంతే, మనుషులు మంచోళ్ళు."

బస్సంతా నవ్వింది. నినెత్ కూడా నవ్వింది. ఆమె కళ్ళు మాత్రం రెండు సీట్ల వెనక గడ్డిటోపీ పెట్టుకున్న బంగారు పన్ను మనిషి మీదున్నాయి. అతనొక్కడే నవ్వలేదు.

శాన్ సాల్వడార్ టెర్మినల్లో పుపూసా రొట్టెలు కాల్చే ఆడమనిషి తలెత్తకుండా అడిగింది. "నీ బస్సు కిటికీ మూసుకుంటుందా?"

"వాన పడ్డప్పుడు తప్ప ఎప్పుడూ మూసుకుంటుంది."

కోడ్ కుదిరింది. రొట్టెల పొట్లంతో పాటు ఒక పెద్ద స్టీలు థర్మోస్ చేతికొచ్చింది. బాత్రూంలో మూత తీసి చూసింది. వేడి కాఫీ. ఊపింది, వాసన చూసింది. కాఫీయే.

హోండురాస్‌లో చోలుతేకా. గడియారాలు బాగుచేసే ముసలాయన చిన్న ట్రాన్సిస్టర్ రేడియో ఇచ్చాడు. నొక్కితే ఫుట్‌బాల్ కామెంటరీ వచ్చింది. ఆ సాయంత్రం బస్టాండు ఫోను నుంచి ఛీఫ్‌కు రిపోర్ట్ చేసింది. ఏ లైన్ ఎవరు వింటారో తెలీదు కనుక నాలుగు ముక్కల్లో తేల్చేసింది.

"అత్తయ్య ఒక బహుమతి ఇచ్చింది. బాబాయి ఒకటిచ్చాడు. నేను క్షేమం."

"ప్రయాణం సాగించు."

నికరాగువాలోకి దాటే గ్వాసౌలే చెక్‌పోస్టులో చెమటలు పట్టాయి. కొత్తగా వచ్చిన ఆఫీసరెవరో నీలం సంచి బల్ల మీద పెట్టించి జిప్ మీద చెయ్యేశాడు. అంతలో లోపల ఫోన్ మోగింది. వెళ్ళాడు, విన్నాడు, ముఖం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

"పోమ్మా, పో."

క్యూలో వెనక నిలబడ్డ గడ్డిటోపీ మనిషి హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. నినెత్ అది చూసింది. మనసులో ముల్లులా గుచ్చుకుంది. కానీ అర్థం కాలేదు.

*

శనివారం ఉదయం, రివాస్. జనవరి గాలి సరస్సు మీదుగా వచ్చి రేకులు ఎగరేస్తోంది. బస్టాండు నిండా పోలీసులు, జెండాలు, బ్యాండు మేళం.

"ఆర్కిడ్ పువ్వుకు నీళ్ళెక్కువ పోస్తే చచ్చిపోతుందట," అంది వెనకనుంచి తేనెలాంటి గొంతు.

తెల్ల సూటు, ఎత్తు మడమల చెప్పులు, మగవాళ్ళ మాటలు మధ్యలో ఆగిపోయే అందం. అంపారో లకాయో. మంత్రుల ప్రోటోకాల్ ఆఫీసర్, లోపాయికారీగా కొలిబ్రి ఏజెంట్.

"నాలుగు దేశాలు బస్సుల్లో చుట్టొచ్చిన సాహస యువతివి నువ్వు. మంత్రుల బస్సులో గౌరవ ప్రయాణికురాలివి. ఎలా ఉంది నా ఏర్పాటు?"

"సరుకు ఎవరందుకుంటారు?"

"చోటు మారింది, ఇక్కడ కాదు. సరిహద్దు గేటు దగ్గర దిగగానే ఒకడొచ్చి సంచి అడుగుతాడు. అప్పుడు పట్టేద్దాం." అంపారో మెడలోని కార్డు ఊపగానే కుక్కలతో నిలబడ్డ పోలీసు పక్కకు తప్పుకున్నాడు. "సంచి పైన కట్టించు. థర్మోస్, రేడియో పక్కపక్కనే ఉన్నాయిగా? కుదుపులకు పగలకుండా చూడు."

"నువ్వు ఎక్కవా?"

"ఈ చెప్పులతోనా తల్లీ!" కిలకిలా నవ్వింది. "వెనక నా కారులో వస్తా."

బస్సు కదిలింది. మంత్రులు చొక్కా చేతులు మడిచి వేయించిన అరటికాయ చిప్స్ పంచుకుంటున్నారు. బడిపిల్లలు పాడుతున్నారు. నినెత్ వెనక తలుపు పక్కన కూర్చుంది. ఎడమవైపు సరస్సు, దాని మధ్య అగ్నిపర్వతం. గేటుకు ఇంకా అరగంట.

థర్మోస్, రేడియో.

అంపారో అన్న మాటను నినెత్ మళ్ళీ తలచుకుంది. ఛీఫ్‌కు తను చెప్పింది అత్తయ్య బహుమతి, బాబాయి బహుమతి. అవి ఏమిటో ఎవరికీ చెప్పలేదు. ఇచ్చినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలీదు.

అప్పుడు గ్వాసౌలే ముల్లు కదిలింది. చెక్‌పోస్టులో సంచి తెరవనందుకు సంతోషించింది ముఠా మనిషి! తనెవరో వాళ్ళకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే ఎంచుకున్నారు. కొలిబ్రి ఏజెంట్ సంచిని ఏ సరిహద్దులోనూ తెరవరు. థర్మోస్ రెండు గోడల మధ్య పేలుడు మందు, రేడియోలో దాన్ని పేల్చే రిసీవర్. అందుకునేవాడంటూ ఎవడూ లేడు. చేరాల్సిన చోటు ఈ బస్సే.

వెనక అద్దంలోంచి చూసింది. యాభై అడుగుల దూరంలో తెల్ల కారు. స్టీరింగ్ దగ్గర అంపారో ఒక్కతే.

బస్సు ఆపితే కారు ఆగుతుంది, అంపారో పేల్చే బటన్ నొక్కుతుంది. అరిస్తే పిల్లలు లేస్తారు, బటన్ నొక్కుతుంది.

నినెత్ కండక్టర్ చెవిలో చెప్పింది. "అన్నా, పైన సంచిలో బాంబుంది. వెనక తలుపు తియ్యి. నేను బయటికెళ్ళాక అందరినీ ముందుకు జరుపు."

నడివయసు కండక్టర్ తలుపు గడియ మీద చెయ్యేశాడు. "నిచ్చెనెక్కడం నా పని చెల్లీ."

"ఈ ఒక్క రోజుకూ నాది."

తలుపు తెరుచుకుంది. గాలి చెంపదెబ్బలా కొట్టింది. కాళ్ళ కింద రోడ్డు నదిలా పారుతోంది. ఇనుప నిచ్చెన పట్టుకుని నినెత్ పైకి పాకింది. బస్సు మలుపు తీసుకునేసరికి ఒక కాలు జారి గాలిలో వేలాడింది. పళ్ళు బిగించి మళ్ళీ మెట్టు అందుకుంది.

అరటి గెలల మధ్య నీలం సంచి. మూడు తాళ్ళు, మూడు ముళ్ళు. దువ్వెన పిడి లాగింది. ఒక తాడు తెగింది. రెండోది.

వెనక కారు హారన్ ఆగకుండా మోగింది. అంపారో చూసేసింది! ఆమె కుడిచేయి డ్యాష్‌బోర్డు మీదున్న నల్లటి డబ్బా మీదికి వెళ్ళింది.

మూడో తాడు తెగింది. సంచి సరస్సులోకి విసరాలంటే మధ్యలో చెట్లు. అవతలి పక్క ఇళ్ళు. నినెత్ సంచి రెండు చేతులతో ఎత్తింది. ఒక్క క్షణం ఇద్దరి చూపులూ కలిశాయి. అంపారో బొటనవేలు బటన్ మీద ఆనింది.

నినెత్ సంచిని సరిగ్గా తెల్ల కారు బానెట్ మీదికి విసిరింది.

ధబ్బుమని పడి, వైపర్ల మధ్య ఇరుక్కుంది. అంపారో బొటనవేలు రాయిలా బిగుసుకుపోయింది. నొక్కితే ముందు పోయేది తనే. కారు కీచుమంటూ రోడ్డు దిగి ఎండిన చెరకు మడిలో ఆగింది.

నినెత్ పిడికిలితో బస్సు పైకప్పు మీద రెండేసి దెబ్బలు కొట్టింది. ఆ దారిలో ఏ డ్రైవర్‌కైనా దాని అర్థం ఒకటే. పోనీ! డ్రైవర్ పోనిచ్చాడు.

దూరంగా తెల్ల సూటు చెప్పులు వదిలేసి చేలో పరిగెత్తడం కనిపించింది. ఆధారం మిగలకూడదనుకుందేమో, పరిగెడుతూనే నొక్కింది. నేల అదిరింది. కారు ఉన్నచోట నిప్పుముద్ద లేచింది. ఆకాశం నిండా కాలిన చెరకాకులు. పైకప్పును కరుచుకుని పడుకున్న నినెత్ కళ్ళు మూసుకుంది. "తదేయో," అనుకుంది. అప్పుడొచ్చాయి కన్నీళ్ళు. గాలి వాటినీ తుడుచుకుపోయింది.

బస్సు ముందు వెళ్తున్న ఎస్కార్ట్ పోలీసులు వెనక్కి తిరిగొచ్చి చేలో అంపారోను పట్టుకున్నారు. ఉత్త కాళ్ళు, చేతిలో ఇంకా ఆ నల్లడబ్బా. సాయంత్రానికి ఆమె నోటివెంట పదకొండు పేర్లు వచ్చాయి. వాటిలో బంగారు పన్ను మనిషిది మొదటిది.

సరిహద్దు గేటు దగ్గర బ్యాండు మోగింది. మంత్రులు పాలిపోయిన ముఖాలతోనే రిబ్బన్ కత్తిరించారు. చివరగా దుమ్ము కొట్టుకున్న జుట్టుతో ఒక అమ్మాయి కౌంటర్ దగ్గరికొచ్చింది. కోస్టారికా ఆఫీసర్ పాస్‌పోర్టు తిప్పి స్టాంపులన్నీ చూశాడు. ఆమె ఖాళీ చేతుల వంక చూశాడు.

"ఇన్ని దేశాలు తిరిగొచ్చావు, లగేజీ ఏదమ్మా?"

"బరువుగా ఉందండీ," అంది నినెత్. "దారిలో ఒక స్నేహితురాలు మోజుపడితే ఇచ్చేశాను."